నొప్పి చెప్పుకోని పిల్ల

తలుపు వేస్తుంటే ఏదో అడ్డం తగిలినట్టయింది. చెక్క ఉబ్బిందేమో అనుకుని లత ఇంకాస్త గట్టిగా నెట్టింది. అప్పుడు కిందికి చూసింది. రామి గుమ్మం పక్కనే నిలబడి ఉంది. పిల్ల ఎడమచేతి వేళ్లు తలుపు సందులో ఉన్నాయి.

లత పైప్రాణాలు పైనే పోయాయి. తలుపు లాగి, ఆ చెయ్యి పట్టుకోబోయింది. రామి చెయ్యి ఇవ్వలేదు, గౌను కింద దాచుకుంది. గోళ్ల కింద రక్తం నల్లగా కమ్ముతోంది. కంట్లో చుక్క నీరు లేదు. నోట చిన్న మూలుగు లేదు. లత ముఖంలోకైనా చూడలేదు. ఇంట్లో ఇంకో మనిషి లేనట్టే గోడకు చేరగిలబడి, నలిగిన చేతిని పొట్టకు అదుముకుని వీధిలోకి చూస్తూ కూర్చుంది.

మూడేళ్ల పిల్ల. అంత దెబ్బ తగిలితే పెద్దవాళ్లే కేక పెడతారు.

లత ఆమె ముందు చతికిలబడి, "ఏడువు బిడ్డా, జర ఏడువు" అని బతిమాలింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చింది లతే.

రామి లత కన్నబిడ్డ కాదు. లత భర్త శ్రీపాల్‌కు మొదటి భార్య లచ్చి వల్ల పుట్టిన బిడ్డ. పిల్ల ఇంకా పాలు తాగుతుండగానే లచ్చికి కామెర్లు ముదిరి ప్రాణం పోయింది. శ్రీపాల్‌ది భూపాలపల్లిలో బొగ్గుబాయి పని. చంటిపిల్లను సాకే మనిషి ఇంట్లో లేదు. లచ్చి తల్లి రుక్కి గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చి, బిడ్డను మట్టి చేసిన రోజే మనవరాలిని సంకన వేసుకుని వెళ్లింది. మేకపాలు పట్టి బతికించింది. రామి ఆమెనే 'యాడి' అనేది. లంబాడీల ఇళ్లల్లో యాడి అంటే అమ్మ. రామికి తెలిసిన అమ్మ రుక్కి ఒక్కతే.

మొన్నటి ఎండాకాలం శ్రీపాల్ లతను పెళ్లి చేసుకున్నాడు. లతది నెల్లికుదురు వైపు తండా. పుట్టింట్లో తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకల్లో మోసి పెంచిన పిల్ల కాబట్టి, మొగుడికో బిడ్డ ఉందంటే భయపడలేదు. భయపడాల్సింది వేరే ఉందని ఆమెకు అప్పుడు తెలియదు.

నాట్ల కాలంలో శ్రీపాల్ బండి మీద గూడూరు వెళ్లాడు. రుక్కి కూలికి పోయి ఉంది. రామి ఇంటి ముందు కోళ్లతో ఆడుకుంటోంది. "బండి మీద తిప్పుకొస్త, దా" అన్నాడు. పిల్ల బండి మోజుతో నవ్వుకుంటూ ముందర ఎక్కి కూర్చుంది. "నా బిడ్డను నేను తీస్కపోతున్న, మా అత్తకు చెప్పు" అని పక్కింటి సేవ్యాకు చెప్పి, బండిని తిన్నగా భూపాలపల్లికి తెచ్చి ఆపాడు.

మొదట్లో రామి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. తలుపు బాదింది. శ్రీపాల్ ఎత్తుకోబోతే మెడ వెనక్కి విరిచి జారిపోయేది. వీధిలో రుక్కిలాగా అద్దాల లంగా కట్టిన ముసలమ్మ ఎవరు కనపడినా "యాడీ" అంటూ పరుగెత్తి, దగ్గరికి పోయి ముఖం చూసి ఆగిపోయేది. ఆ ఆగిపోవడం చూడలేక లత వెళ్లి ఎత్తుకొచ్చేది. తర్వాత పిల్ల ఏడుపు మానింది. రోజంతా గడప మీద కూర్చునేది. ఆ తర్వాత గడప మీద కూర్చోవడమూ మానింది.

"అలవాటు పడ్డది" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. లత కూడా అదే అనుకుని సంతోషపడింది. రమ్మంటే వచ్చేది, కూర్చోమంటే కూర్చునేది. ఎవరు చేతులు చాపితే వాళ్ల సంక ఎక్కేది, దింపితే దిగేది. ఒకరోజు గాజులమ్మే ఆమె కొంగు పట్టుకుని వాడ చివరిదాకా వెళ్లిపోయింది. లత పరుగున వెళ్లి తెచ్చుకుంటే అంతే నిమ్మళంగా వెనక్కి వచ్చింది. ఎవరైనా ఒకటే. ఎటైనా ఒకటే. అన్నం ముద్ద నోట్లో పెడితే నమలకుండా బుగ్గన దాచుకుని, ఎవరూ చూడనప్పుడు మూలన ఉమ్మేది. చేతులు పుల్లలయ్యాయి.

ఇప్పుడీ వేళ్లు. గోడకు ఆనుకున్న ఆ పిల్లను చూస్తుంటే లతకు ఒక్కసారిగా అర్థమైంది. పిల్లలు నొప్పికి ఏడవరు. ఎవరైనా వస్తారని ఏడుస్తారు. ఈ పిల్లకు ఆ ఆశ పోయింది.

దవాఖానకు ఎత్తుకుపోయింది. డాక్టరు వేళ్లకు కట్టు కట్టి, కళ్లు, నాలుక, పొట్ట అన్నీ చూసి, "రోగమేం లేదమ్మా, మంచిగ తినిపించు" అని బలం మందు రాశాడు. ఇంటికొచ్చేసరికి పక్కింటి మంగమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"పొల్లకు చెయ్యేమైందే?"

"తలుపుల పడ్డది అక్కా."

"తలుపుల పడ్డదా, పడేస్తివా?" అంది మంగమ్మ. పిల్ల చెంపలు నిమిరింది. "వచ్చిన నాడు ఎట్లుండె, ఇయ్యాల ఎట్లైంది! అన్నం పెడుతున్నవా లేదా? పైన దేవుడున్నడు లతా. సవతి బిడ్డైనా బిడ్డే."

లత పిల్లను తీసుకుని లోపలికి పోయింది. ఏం చెప్పినా సవతి తల్లి మాటే అవుతుంది.

అప్పటికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బాయిలు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటడం లేదు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. ఊరి కూడలిలో టెంటు వేశారు. పొద్దున పోయిన శ్రీపాల్ మాపటికి గొంతు బొంగురుపోయి, కళ్లల్లో మెరుపుతో వచ్చేవాడు. ఆ రోజూ అట్లాగే వచ్చాడు.

"పిల్లను గూడూరు తీస్కపోదాం" అంది లత, అతను కాళ్లు కడుక్కోక ముందే.

"బస్సులేడున్నయే?"

"బండి లేదా?"

"బంకులు బందున్నయి. ఉన్నా నేను పోను." శ్రీపాల్ గొంతు మారింది. "ఒక్కసారి పంపితే మళ్ల రాదు. నా బిడ్డ నా ఇంట్ల ఉండాలె. ఆ ముసల్ది తండా అందరి ముందట నన్నేమన్నదో నీకెరుకనా? నా బిడ్డను నువ్వే సంపినవురా అన్నది. పానం బాగలేదంటే దవాఖానకు ఎప్పుడు తీస్కపోయినవురా అన్నది."

"అవ్వ అన్న మాటకు పిల్లేం జేసింది?"

"కోపంతోటి గాదు లతా. మంచి బడిల ఏస్త. సదువుకుంటది. జర ఓర్సుకో. తెలంగాణ వస్తది, అన్నీ సక్కగైతయి."

"తెలంగాణ వచ్చేదాంక పిల్ల ఉంటదా?"

శ్రీపాల్ పిల్ల వైపు తిరిగాడు. "రామీ, ఇటు రా" అని పిలిచాడు. పిల్ల వచ్చింది. కూర్చోమన్నాడు. కూర్చుంది. "సూడు, ఎంత బుద్ధిగున్నదో. నువ్వే ఊకె పరేషానైతున్నవ్" అన్నాడు. అతని మాట అతనికే నమ్మకంగా లేదని లతకు తోచింది. కానీ ఆ మాట పట్టుకునే అతను పడుకున్నాడు.

రుక్కి పక్కింటి సేవ్యా సెల్లుకు ఎన్నిసార్లు చేసినా స్విచ్చాఫ్ వచ్చింది. మర్నాడు రామి నీళ్లు కూడా మింగలేదు. శ్రీపాల్ టెంటు దగ్గరికి వెళ్లిన తర్వాత లత పాత చీరతో పిల్లను వీపుకు కట్టుకుని బయటపడింది. మొగుడికి చెప్పకుండా గడప దాటడం అదే మొదలు. తిరిగొస్తే ఈ గడప తనను లోపలికి రానిస్తుందా అని ఆలోచించే తీరిక కూడా లేదు.

ములుగు వైపు ఇటుకలతో పోతున్న ట్రాక్టరతను ఎక్కించుకున్నాడు. దించిన చోటి నుంచి నడక. ఆశ్వయుజం ఎండ ఒంటికి అంటుకుని ఉంది. వీపు మీద పిల్ల మాత్రం అంటుకోలేదు. బియ్యం మూటలాగా వేలాడుతోంది. నడుస్తూనే లత మాటిమాటికి చెయ్యి వెనక్కి పెట్టి ఆ కాళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకుంటోంది.

నర్సంపేట దారి చీలే చోట రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. సమ్మె వాళ్ల వంటావార్పు. ఆడవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు, మగవాళ్లు డప్పు కొడుతున్నారు. "ఎండల ఏడికి పోతున్నవ్ చెల్లె? తిని పో" అని ఒకామె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వీపు మీది పిల్లను విప్పి ఒళ్లోకి తీసుకుంది. రామి వెళ్లింది. ముద్ద పెడితే బుగ్గన దాచుకుంది. ఆమె పిల్ల చెయ్యి చూసింది. కట్టు పక్కన నల్లబడిన గోళ్లు చూసింది. గౌను ఎత్తి పక్కటెముకలు చూసింది.

"నీ బిడ్డేనా?"

లత ఒక్క క్షణం తడబడింది. ఆ క్షణమే ఆమె కొంప ముంచింది.

"ఏందట, ఏందట" అంటూ నలుగురు మూగారు. ఆ దినాల్లో పిల్లలనెత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నారన్న పుకారు ఊరూరా ఉంది. మెడలో కండువా ఉన్న పెద్దమనిషి రామి ముందు వంగి, "మీ అమ్మ ఏది బిడ్డా? చూపెట్టు" అన్నాడు. రామి చూపెట్టలేదు. అతను చేతులు చాపితే అతని దగ్గరికే వెళ్లింది.

"కన్నతల్లి ఉండంగ పిల్ల గిట్ల పరాయోని సంక ఎక్కుతదా?" అన్నారెవరో.

"మా ఆయన బిడ్డ. మొదటామె బిడ్డ" అంది లత.

"మరి మీ ఆయనేడి? నంబరు చెప్పు, ఫోన్ చేద్దం."

నంబరు చెబితే శ్రీపాల్ వస్తాడు. వచ్చి ఇద్దరినీ వెనక్కి తీసుకుపోతాడు. లత తల అడ్డంగా ఊపింది. ఇంకేముంది, ఉన్న అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. ఒకామె ఆమె మణికట్టు పట్టుకుంది. "పోలీసోళ్లకు చెప్పుండ్రి" అంది ఇంకో గొంతు. డప్పు ఆగిపోయింది.

లత ఆ పట్టు విడిపించుకోబోయింది. మోకాళ్ల మీద పడింది. కండువా మనిషి చేతుల్లో ఉన్న పిల్ల వైపు చూసి తమ లంబాడీ భాషలో అరిచినట్టే అడిగింది. "రామీ, మనం ఎవరి దగ్గరికి పోతున్నం? చెప్పు తల్లీ. నిన్ను ఎవరి దగ్గరికి తీస్కపోతున్న?"

రామి ఆమె వైపు చూసింది. చాలా రోజుల తర్వాత చూసిన చూపు. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్లీ కదిలాయి.

"యాడి" అంది. ఆ తర్వాత కొంచెం గట్టిగా, "యాడీ" అంది.

ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక లంబాడీ ముసలమ్మ కత్తిపీట వదిలి లేచింది. "ఇనబడ్డదా? యాడి అంటే మా దాంట్ల అమ్మ. పొల్ల అమ్మా అంటున్నది, మీరు దొంగ అంటున్నరు. ఇడువుండ్రి ఆమెను. ఎండకు సొమ్మసిల్లిన పిల్ల, ఎవల సంకనైతే ఏంది దానికి?"

మణికట్టు మీది చెయ్యి సడలింది. కండువా మనిషి నొచ్చుకుని పిల్లను తెచ్చి లత ఒళ్లో పెట్టాడు. "తప్పువట్టకు బిడ్డా, దినాలు గట్లున్నయి" అన్నాడు. లత పిల్లను వాటేసుకుంది. ఆ పిలుపు తనది కాదు. అది లతకు తెలుసు, పిల్లకు తెలుసు, లత అడిగింది అర్థమైన ఆ ముసలమ్మకూ తెలిసే ఉంటుంది. కాని కాదని చెబితే దారి మూసుకుపోతుంది. తనది కాని పిలుపును తన కొంగున కట్టుకుని, దొంగలాగే తల వంచుకుని లేచింది.

అక్కడే ఉన్న తిరుపతి అనే అతను బండి తీశాడు. నర్సంపేటలో వాళ్ల అక్క ఇంట్లో రాత్రికి పడుకోబెట్టి, తెల్లారి గూడూరు దారిలో పెట్రోలు అయిపోయేదాకా తెచ్చి దించాడు. మిగిలిన దారి లత నడిచింది. పిల్ల నిద్రపోతోందో, సోయి తప్పిందో తెలియక, దారి పొడుగునా "రామీ, రామీ" అంటూనే ఉంది.

తండా చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. రుక్కి ఇంటి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. తల దువ్వి ఎన్నాళ్లయిందో. లత వీపుకు కట్టిన చీర విప్పి పిల్లను దించింది. రుక్కి చూసింది. లేవబోయి, లేవలేక, చేతులు చాపింది.

"రామీ! నా తల్లీ! దా!"

దారిలో ఎన్నిసార్లో లత ఈ ఘడియను కళ్ల ముందు కట్టుకుంది. పిల్ల ఉరుకుతుందనుకుంది. రామి ఉరకలేదు. రుక్కిని చూసింది. చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. చప్పుడుకు బయటికొచ్చిన సేవ్యా దగ్గరికి వెళ్లి, అతని పంచె పట్టుకుని నిలబడింది.

"రామీ, నేను. యాడిని" అంది రుక్కి. పిల్ల కోళ్ల వంక చూస్తోంది.

ముసలామె చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. తర్వాత ఆ చేతులతోనే గుండెలు బాదుకుంది. "ఏం జేసిండ్రే నా బిడ్డను? నన్ను మరిసిపోయింది. ఏం దినిపిచ్చిండ్రే! నా బిడ్డను దినిరి, బిడ్డ బిడ్డను గుడ దినిరి!" అంటూ మట్టి దోసిలితో ఎత్తి లత మీద చల్లింది. లత కళ్లు మూసుకుని నిలబడింది. ఇదొక్కటే ఆశగా ఇంత దూరం వచ్చింది. ఇక్కడా పిల్ల పలకకపోతే దాన్ని పట్టుకుని ఇంకెక్కడికి పోవాలి? పోవడానికి ఇంకో చోటు ఈ భూమ్మీద లేదు.

సేవ్యా భార్య పిల్లను ఎత్తుకుని గంజి పట్టబోయింది. సగం గంజి గౌను మీదికే పోయింది. రుక్కి ఏడ్చీ ఏడ్చీ, చివరికి ఏం చేయాలో తోచక, "గా పొల్ల పెదవులు ఎండుకపోయినయి, సల్లటి నీళ్లన్న తెస్త" అని గొణుక్కుంటూ బిందె తీసుకుని బోరింగు వైపు బయల్దేరింది.

ఆమె కంచె దాటి నాలుగు అడుగులు వేసిందో లేదో, వెనక నుంచి కేక. మనిషి గొంతులా లేదు. రామి సేవ్యా భార్య చేతుల్లోంచి కింద పడి, లేచి, పడి, పరుగెత్తింది. రుక్కి లంగా పట్టుకుని లాగింది. ముసలామె కూలబడింది. బిందె దొర్లిపోయింది. రామి ఆమె ముఖం మీద కొట్టింది. కట్టు ఉన్న చేతితోనే కొట్టింది. జుట్టు పీకింది. భుజం కొరికింది. కొరికి, నోరు తెరిచి ఏడ్చింది. ఇన్నాళ్ల ఏడుపంతా ఒక్కసారే బయటికొస్తున్నట్టు, ఊపిరి అందక నీలబడుతూ ఏడ్చింది.

"కొట్టు బిడ్డా, కొట్టు" అంటోంది రుక్కి. "నేను పనికి పోయిన. నిన్నొదిలి పోయిన. కొట్టు." చెంప మీద గోళ్ల గీరల్లోంచి రక్తం వస్తున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

అప్పుడు పిల్ల కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపింది. వేళ్లు రుక్కి నోటి ముందు పెట్టింది. రుక్కి ఊదింది. మళ్లీ చూపింది. మళ్లీ ఊదింది.

లత కంచె పట్టుకుని చూస్తోంది. ఆ చేతిని ఆమె ఎన్నిసార్లు అడిగిందో.

పిల్ల బతికింది. ఆ సాయంత్రం రుక్కి చేతిలోంచి రెండు తునకల జొన్నరొట్టె తిన్నది. జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత రుక్కిని ఊపిరి తీసుకోనివ్వలేదు. చెంబు పట్టుకుని బయటికి పోతే ఏడుపు, మేకను కట్టేయడానికి పక్కకు పోతే ఏడుపు. నిద్రలో కూడా ఆమె కొంగు పిడికిట్లోనే ఉండేది. రుక్కి లతతో మాట్లాడలేదు. పొమ్మని కూడా అనలేదు. పోవడానికి బస్సులూ లేవు. లత నీళ్లు తెచ్చింది, కట్టెలు తెచ్చింది, వాకిలి ఊడ్చింది, రుక్కి బదులు పత్తి ఏరే కూలికి పోయింది. కొన్నాళ్లకు ఒక పూట రుక్కి రొట్టె కాల్చి ఆమె ముందుకు తోసింది.

"నువ్వు తేకుంటే ఇది సచ్చిపోతుండె" అంది ముఖం చూడకుండా.

దసరా వెళ్లింది. సమ్మె ఆగి బస్సులు నడిచాక శ్రీపాల్ వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి ఉన్నాడు. కోపంగానే కంచె లోపల అడుగు పెట్టాడు. రామి అతన్ని చూసిన మరుక్షణం రుక్కి లంగాలో తల దూర్చింది. వణుకుతూ నిలబడిన చోటే ఉచ్చ పోసుకుంది.

అతని కోపం అక్కడే ఆగిపోయింది. బిడ్డ కాళ్ల దగ్గర మట్టి తడవడం చూస్తూ నిలబడ్డాడు. "నేను కొట్టలే లతా. ఒక్కనాడు గుడ కొట్టలే" అన్నాడు, ఎవరో నింద వేసినట్టు.

"కొట్టలే" అంది లత. "బండి మీద తిప్పుకొస్తనని చెప్పి తీస్కపోయినవ్."

"ఇప్పుడేం జెయ్యమంటవ్?"

"ఇడిసిపెట్టి పో. ఈసారి తీస్కపోతే మిగలదు."

"నువ్వు?"

"నన్ను రమ్మంటే వస్త, వద్దంటే మా అవ్వగారింటికి పోత. పిల్లను మాత్రం ఇయ్య."

శ్రీపాల్ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. రుక్కి రొట్టె లత చేతికిచ్చి కళ్లతోనే అతన్ని చూపించింది. అతను గోడ వైపు తిరిగి తిన్నాడు. పోయేటప్పుడు బిడ్డ దగ్గరికి రాబోయి, దూరంగానే ఆగి, "పత్తి ఏరుడు అయినంక రా" అని లతతో అని రోడ్డెక్కాడు. అతనట్లా వంగి నడవడం లత ఎప్పుడూ చూడలేదు. జాలేసింది. వెనక్కి పిలవలేదు.

బస్సు చప్పుడు పూర్తిగా పోయేదాకా రామి తల ఎత్తలేదు. ఎత్తి రోడ్డు చూసింది. తర్వాత లతను చూసింది. ఇన్నాళ్లూ లత ఈ పిల్లను ఎన్ని మాటలు అడిగిందో, కాని పిల్ల తనంతట తాను అడగడం అదే మొదలు.

"పోయిండా?"

"పోయిండు బిడ్డా."

రామి ఇంకాసేపు చూసింది. "నువ్వు?" అంది.

ఉండమని అడుగుతోందో, నువ్వెప్పుడు పోతావని అడుగుతోందో లతకు అంతుబట్టలేదు. పిల్ల ముఖంలో వెతికింది. అందులో భయముంది, ఇంకేదో కూడా ఉంది. దానికి పేరు పెట్టే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"పత్తి ఏరేదాంక ఉంట" అంది. "పోయే రోజు నీకు చెప్పి పోత."

రామి రుక్కి కొంగు అంచు నోట్లో పెట్టుకుని, లతను అట్లాగే చూస్తూ నిలబడింది.